మూరన్నర మీద బెత్తెడు

నా ముంజేయి సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు. మోచేతి ఎముక దగ్గర్నుంచి నడిమివేలి కొస దాకా, వెంట్రుకవాసి తేడా లేదు. ఈ సంగతి ముప్పై ఏడేళ్ళ పాటు కాటా గదిలో కూర్చుని, తూకానికి వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకీ చెప్పాను. ఒక్కడూ కాదనలేదు. తూకం చీటీ నా చేతిలో ఉండగా కాదనడానికి ఎవడికి గుండె ఉంటుంది?

నేను చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా. ఆ బడిలో తొమ్మిదో తరగతి లేదు. అంచేత ఉన్న చదువంతా చదివేశానని చెప్పుకుంటే అబద్ధం కాదు. నాలుగు వేళ్ళు బెత్తెడు, మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అని మేష్టారు నేర్పిన కొలతలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయిదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరుగారు బడికి వస్తే, పంతొమ్మిదో ఎక్కం చివర్నుంచి మొదటికి అప్పజెప్పి, ఆయన చేతుల మీదుగా ఎర్ర పెన్సిలు అందుకున్నాను. తరవాత మార్కెట్టు గేటు దగ్గర లారీల కాటాకి గుమాస్తానయ్యాను. లోడు చూసి, ముల్లు ఆగకముందే బరువు చెప్పేవాణ్ణి. పది కిలోలు తేడా వచ్చిందంటే అది కాటా తప్పే. ఉద్యోగం విరమించిన రోజున గోడగడియారం ఇచ్చి పంపారు. అది మూడో నెలలో ఆగిపోయింది. ఇచ్చినవాళ్ళ మీద గౌరవంతో గోడకు అలాగే ఉంచాను.

ఇన్ని సాధించినవాడికి అన్నం తినే బల్ల ఒకటి చేయడం ఓ లెక్కా అనుకున్నాను. ఆ లెక్క ఎలా తేలిందో చెబుతాను.

పోయిన ఏడాది మా ఆవిడ స్నానాల గది గడప మీద జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో లోపల ఇనుప పలక పెట్టి మరలు బిగించారు. మంచం మీదో కుర్చీలోనో కూర్చోవచ్చుగానీ నేల మీద మాత్రం కూర్చోవద్దన్నారు. మా ఇంట్లో భోజనాలు ముందుగదిలో చాప మీద. నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు చాప మీద కూర్చుంటే, ఆవిడ లోపలి గదిలో మంచం అంచున కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ తినేది. అలా నాలుగు నెలలు గడిచాయి. నాకు ఏ లోటూ కనపడలేదు. నా కంచంలోకి కూర వేళకు వస్తూనే ఉంది మరి.

ఒక మధ్యాహ్నం మనవరాలికి ఇన్‌స్పెక్టరుగారి పెన్సిలు కథ చెబుతుండగా పొలమారింది. చెంబులో నీళ్ళు లేవు. లేచి లోపలికి వెళితే, మా ఆవిడ ఒక్కతే కూర్చుని ఏదో అని, తనలో తనే నవ్వుకుంటోంది.

"ఎవరితోనే మాటలు?"

"మీతోనే."

"నేనిప్పుడే కదా వచ్చాను!"

"మీరక్కడ చెబుతుంటారుగా, నేనిక్కడ జవాబు చెబుతుంటాను. మీకు వినపడదని తెలుసు. అలవాటైపోయింది."

"ఇప్పుడేమన్నావు?"

"ఏం లేదులెండి. వెళ్ళండి, కూర చల్లారిపోతుంది."

వెళ్ళి తిన్నాను. ఆ పూట ముద్ద మింగుడు పడలేదని రాయాలని ఉందిగానీ, మా కోడలు ఇది చదువుతుంది. మామూలు కంటే ఓ ముద్ద తక్కువ తిన్నాను, అంతే. ఆమాత్రమైనా తగ్గిందని తరవాత గమనించింది మా కోడలే.

ఆ వారమే మా ఆవిడ మా అమ్మాయి ఇంటికి వెళ్ళింది. కాలికి వ్యాయామం చేయించే ఆసుపత్రి వాళ్ళ వీధి చివరే ఉంది. నెల రోజులు చేయించుకుని వచ్చేస్తానంది. రెండో వారంలో ఫోను చేసింది. గొంతులో హుషారు చూసి కాలు బాగైందేమో అనుకున్నాను.

"కాలు అలాగే ఉందండీ. ఇక్కడ వీళ్ళకి బల్ల ఉంది కదా, అందరితో పాటు కూర్చుని తింటున్నాను. మీ బావగారు చేసిందే. ఎంత బాగుందో! అమ్మాయి ఇంకో మూడు నెలలు ఉండమంటోంది. ఆదివారం తరవాతి ఆదివారం ఓసారి వచ్చి మిగతా చీరలు తీసుకెళతాను."

మా బావగారంటే మా వియ్యంకుడు, మా అల్లుడి తండ్రి. నలభై ఏళ్ళు లారీలకు చెక్క బాడీలు కట్టిన మేస్త్రీ. ఆయన కట్టిన లారీలు నేను తూచాను, అలాగే ఆ సంబంధం కుదిరింది. మనిషి తాటిచెట్టంత పొడుగు. నేను మధ్యరకం ఎత్తు. మధ్యరకం అని నేను అంటాను. మా ఆవిడ వేరే మాట అంటుంది.

ఫోను పెట్టేశాక నాకు అర్థమైంది ఒకటే. పెళ్ళయి నలభై నాలుగేళ్ళయిన నా భార్యను వియ్యంకుడి బల్ల ఎగరేసుకుపోయింది. పన్నెండు రోజుల్లో ఆవిడ వస్తుంది. వచ్చేసరికి ఇంట్లో బల్ల లేకపోతే, చీరలు సర్దుకుని వెళ్ళిపోతుంది. వెళితే తప్పు ఆవిడది కాదు.

"కొనేద్దాం మామయ్యా, సాయంత్రానికల్లా తెచ్చి దింపేస్తారు" అంది కోడలు.

"కొన్న బల్ల ఎవడైనా కొంటాడమ్మా."

"అదేగా నేననేది. ఎవరైనా కొనగలిగినప్పుడు మనమెందుకు కొనకూడదు?"

మా కోడలికి ఎనిమిదో తరగతి మీద ఇంకో తొమ్మిదేళ్ళ చదువుంది. అంచేత దాని మాటకు జవాబివ్వడం కష్టం. కోపం తెచ్చుకోవడం తేలిక. ఆ పనే చేశాను.

నా ధీమాకు కారణం లేకపోలేదు. మా ఊరి పాత బడి కూలగొట్టి కొత్తది కడుతున్నారు. ఆ కలపంతా మా వీధికి రెండు వీధుల అవతల అడితిలో పడి ఉందని విన్నాను. వెళ్ళి చూస్తే, పై తరగతుల పొడుగు బల్లల పలకలు, ఒక్కో పలకకి మూడేసి సిరాబుడ్డి గుంటలతో, గోడకు ఆనించి ఉన్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి.

"ఇదిగో, ఈ బల్ల మీదే నేను చదువుకున్నాను" అన్నాను అడితి ఆయనతో.

"ఏది, ఇదా?"

"ఇదే. నా చోటు ఈ చివర."

"పొద్దున ఇంకో పెద్దాయన వచ్చారు. ఆ చివర ఆయన చోటేనని చెప్పి, పలక పట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్ళారు. మీరు కొంటారా, మీరూ ఏడుస్తారా?"

కొన్నాను. మూడు పలకలు, కాళ్ళకు పనికొస్తాయని ఒక ద్వారబంధం నిలువు కమ్ములు రెండు, చట్రానికి కొన్ని వాసాలు. నా చోటని చెప్పిన పలకకి అడుగువైపు ఉలితో చెక్కిన అక్షరాలు ఇంటికొచ్చాక కనిపించాయి. "ఇక్కడ కూర్చున్నవాడు గాడిద." అంత లోతుగా చెక్కడానికి ఒక విద్యా సంవత్సరం పట్టి ఉంటుంది. ఇది ఆ పొద్దుటి పెద్దాయన చోటే అయి ఉంటుందని అప్పుడు అనిపించింది.

మొదటి వారం నేనొక్కణ్ణే పనిచేశాను. పని అంటే మేకులు పీకడం. పాత కలపలో మేకులు ఎక్కడుంటాయో కనపడవు, చిత్రికకు మాత్రమే తెలుస్తుంది. పక్కింటాయన దగ్గర చిత్రిక అడిగి తెచ్చి, పలక మీద పెట్టి ఒక్క తోపు తోశాను. కిర్రుమని శబ్దం వచ్చింది. చిత్రిక అంచు మిరపగింజంత విరిగింది. రెండో తోపుకు ఇంకో మేకు, ఇంకో గింజ. పక్కింటాయన చిత్రికను ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగడం మానేశాడు. నన్ను చూస్తే చూపు మాత్రం తిప్పుకుంటాడు. అయిదో రోజుకు పాత మేకులు ఓ డబ్బాడు పోగయ్యాయి. బల్ల కాలేదు. రంపం పట్టి కమ్మిని రెండు ముక్కలు చేయబోతే, పైనుంచి నిటారుగా దిగిన కోత కిందికి వచ్చేసరికి పక్కవీధికి పోయింది.

కోడలు గుమ్మంలో నిలబడి చూసింది.  లోపలికి వెళ్ళి ఫోను చేసింది.

"బాబాయిగారూ, మా మామయ్య మీకు ఫోను చేయాలనుకుంటున్నారు, మొహమాటపడుతున్నారు. మీరే ఓసారి రండి. అత్తయ్యకి మాత్రం చెప్పకండి."

మర్నాడు పదింటికల్లా వియ్యంకుడు దిగాడు. ఆసుపత్రికి వెళుతున్నానని మా ఆవిడతో చెప్పి వచ్చాడట. నా పని అంతా తిరిగి చూశాడు. విరిగిన చిత్రిక చూశాడు. వంకర కోత చూశాడు.

"బావగారూ, మేకులు భలే పీకారండీ" అన్నాడు.

ఆయన మర్యాద అలాంటిది. మెచ్చుకోదగ్గది ఇంకేదీ లేనప్పుడు మేకుల్ని మెచ్చుకుంటాడు. నేనూ తగ్గేవాణ్ణి కాను. "మీ అంతటివారి చెయ్యి తగలాలనే ఈ కలప కాచుకుని ఉంది బావగారూ" అన్నాను. మా ఇద్దరి మధ్యా పాతికేళ్ళుగా ఇదే వరస. గుమ్మం దగ్గర "ముందు మీరు" అంటే "ముందు మీరు" అనుకుంటూ వర్షంలో తడిసిన సందర్భాలున్నాయి.

పని పంచుకున్నాం. పలకలు కలపడం, చట్రం కట్టడం ఇద్దరం ఇక్కడే. నాలుగు రోజుల్లో అవి అయిపోయాయి. ఆయన చిత్రిక పడుతుంటే చెక్క రిబ్బను చుట్టల్లా లేచేది. సిరా మరకలు పోయాయి, గుంటలు పోలేదు. వాటిని పూడ్చవద్దని నేనే అన్నాను. గాడిద పలకను అక్షరాలు నేల వైపు ఉండేలా తిప్పాం. మిగిలినవి కాళ్ళు. మొత్తం ఆయనే చేస్తే బల్ల నేను చేశానని చెప్పుకోవడం ఎలా? అందుకని నాలుగు కాళ్ళలో రెండు నావి అన్నాను. ఆయన ఒక కమ్మి తీసుకుని వాళ్ళ షెడ్డులో రెండు కాళ్ళు చేసుకొస్తానన్నాడు. రెండో కమ్మి నాకు వదిలాడు. కోత నిటారుగా దిగడానికి ఒక చెక్క దిమ్మ కూడా చేసి ఇచ్చాడు. దానికి రంపం ఆనించి కోస్తే పసిపిల్లవాడైనా తిన్నగా కోయగలడు. నేను కూడా తిన్నగానే కోశాను.

బల్ల ఎత్తు ఎంతో ఆ సాయంత్రం ఫోనులో అడిగాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. పక్కగదిలో మా ఆవిడ ఉంది.

"కాళ్ళు ఎంత పెట్టమంటారు బావగారూ?"

నేను అప్పటికే నావి రెండూ కొలిచి గీత గీసుకున్నాను. "మూరన్నర మీద బెత్తెడు" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరవాత, "చిత్తం" అన్నాడు.

ఆ కాసేపట్లో ఆయన ఏమనుకున్నాడో తరవాత చెప్పాడు. ఎవరి మూర అని అడగాలనుకున్నాడట. అడిగితే నా మూరను శంకించినట్టవుతుందేమోనని మానుకున్నాడట. అంగుళాల్లో చెప్పమందామనుకున్నాడట. పెద్దమనిషి మూరలో చెబితే అంగుళాలు అడగడం బాగుండదని అదీ మానుకున్నాడట. మొహమాటానికి పోతే ఏదో అయిందని ఓ సామెత ఉంది. దాన్ని పెద్దలు పిల్లల ముందు పూర్తిగా చెప్పరు. మా ఇద్దరికీ అయింది అంతకంటే పెద్దది.

ఆదివారం పొద్దున్నే ఆయన రెండు కాళ్ళూ గోనెలో చుట్టుకుని వచ్చాడు. మా ఆవిడ, మా అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళకు వస్తారు. బల్లను ముందుగదిలో బోర్లా పడుకోబెట్టి, ఆ చివర ఆయన కాళ్ళు, ఈ చివర నా కాళ్ళు బెజ్జాల్లోకి దింపి జిగురు పెట్టి బిగించాం. బోర్లా పడుకున్న బల్ల కాళ్ళు పైకెత్తి ఉంటే, ఆయనవి నావాటి కంటే పొడుగ్గా ఉన్నట్టు నాకు అనిపించింది. అనిపించడమేమిటి, కనిపించింది. కానీ ఆయన నలభై ఏళ్ళ మేస్త్రీ. లారీ బాడీ పనిలో ఇలాంటి మర్మం ఏదో ఉండే ఉంటుందని ఊరుకున్నాను. ఆయనకూ కనిపించింది. మా ముందుగది నేల వీధి వైపు వాలు ఉంటుంది కాబోలు, బావగారు అన్నీ లెక్క చూసే చెప్పి ఉంటారని ఆయనా ఊరుకున్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"బాగా కుదిరింది బావగారూ" అన్నాను.

"అంతా మీ లెక్క ప్రకారమేనండీ" అన్నాడు.

మా అబ్బాయిని కూడా పట్టమని, ముగ్గురం కలిసి బల్లను నిలబెట్టాం.

గుమ్మంలోంచి కోడలు చూసింది. తల కాస్త పక్కకు వంచింది. మళ్ళీ ఇటు వంచింది.

"మామయ్యా, ఇది తినడానికా, జారడానికా?"

బల్ల ఆ చివర్నుంచి ఈ చివరికి వాలుగా, రేవులో పడవ దిగే చెక్కలా నిలబడి ఉంది. మా మనవరాలు ఎక్కణ్ణుంచో గోలీ తెచ్చి పై చివర పెట్టింది. అది ఆరడుగులూ తీరిగ్గా దొర్లుకుంటూ వచ్చి నా కడుపుకు తగిలింది. పిల్ల మళ్ళీ పెట్టింది. మళ్ళీ తగిలింది. ముప్పై ఏడేళ్ళు కాటా ముల్లు నిటారుగా నిలబెట్టినవాణ్ణి నేను!

"తప్పు నాదే బావగారూ" అన్నాడు వియ్యంకుడు. "నా కాళ్ళు కోసేస్తాను."

"అబ్బెబ్బే, నావి పొట్టివయ్యాయి. నా కాళ్ళ కింద దిమ్మలు పెడదాం."

"ఎంత మాట! మీ కాళ్ళ కింద దిమ్మలా? నావే కోయాలి."

"మీ చేత్తో చేసినవి నేను కోయనిస్తానా?"

"మామయ్యా, బాబాయిగారూ" అంది కోడలు, "మీరు ఇలాగే మర్యాద చేసుకుంటూ ఉంటే ఆ మధ్యలో అత్తయ్య వచ్చి, చీరలు సర్దుకుని వెళ్ళిపోతారు కూడా."

అన్నంత పనీ అయింది. వీధిలో ఆటో ఆగింది. మా అమ్మాయి చేయి పట్టుకుని, రెండో చేత్తో కర్ర ఊతగా మా ఆవిడ మెట్టు ఎక్కింది. చీరలు పెట్టుకోవడానికి తెచ్చిన ఖాళీ సంచీ మా అమ్మాయి భుజాన ఉంది. లోపలికి రాగానే ముందు వియ్యంకుణ్ణి చూసింది.

"అన్నయ్యగారూ, మీరు ఆసుపత్రికి వెళుతున్నానన్నారుగా?"

"వెళ్ళి ఇటు వచ్చాను చెల్లెమ్మా" అన్నాడాయన నేల చూస్తూ.

అప్పుడు బల్లను చూసింది. దాని ఈ చివర, ఆ చివర చూసింది. నా మొహం చూసింది. అక్కడ నాకు చెప్పుకోవడానికి ఒక్క విజయమూ మిగల్లేదు. ఏదైనా అంటే బాగుండును, నవ్వినా బాగుండును. ఆవిడ నేరుగా వియ్యంకుడి దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, ఆ జేబులో ఉబ్బెత్తుగా ఉన్నదేమిటి?"

నేను కళ్ళజోడు పెట్టె అనుకున్నాను. అది కొలత టేపు. ఆయన పనికి వచ్చిన రోజులన్నీ అది ఆ జేబులోనే ఉంది! నేను మూరతో కొలుస్తుంటే తాను టేపు తీయడం మర్యాద కాదని తీయలేదట. మా ఆవిడ టేపు తీసుకుని, చేయి చాపమని నా ముంజేతికి పట్టింది. అందరూ మూగారు.

"పదిహేడు" అంది.

"సరిగ్గా చూడు."

"చూశానండీ. పదిహేడు. గోళ్ళతో కలిపి."

వియ్యంకుడిది పంతొమ్మిదిన్నర వచ్చింది. ముప్పై ఏడేళ్ళలో ఎంతమంది డ్రైవర్లకు చెప్పి ఉంటానో లెక్కేసుకుంటుంటే నాకు చెమట పట్టింది.

కోడలు వంట సిద్ధమైందని చెప్పింది. సరే, ముందు బల్ల సంగతి తేల్చి తిందామని మేమిద్దరం మళ్ళీ నా కాళ్ళు, మీ కాళ్ళు అని మొదలుపెట్టాం. మాట్లాడుతూ మాట్లాడుతూ చూద్దును కదా, మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు ఆ చివర, ఎత్తు వైపు. బల్ల అంచు గడ్డానికి దగ్గరగా వచ్చింది. లేచింది. కర్ర పొడుచుకుంటూ ఈ చివరికి, నా కాళ్ళ వైపుకు వచ్చి కూర్చుంది. రెండు మోచేతులూ పైన ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"ఆ చివర కోయండి అన్నయ్యగారూ, దీని ఎత్తుకు" అంది.

నేను గొంతు సవరించుకున్నాను. "చూశారా! నా కొలతే..."

"మీ కొలత కుదిరిందని కాదు. నేను పొట్టిదాన్ని. ఎవరి తప్పు ఎవరికి పనికొస్తుందో ఎవరికి తెలుసు? కోత తరవాత పెట్టుకోండి. ఆకలేస్తోంది. వడ్డించవే అమ్మాయ్."

అలా ఆ పూట మేం ఏడుగురం వాలు బల్ల మీదే తిన్నాం. గిన్నెలు జారలేదు, అంత వాలు లేదు. కానీ పలచగా ఉన్నదల్లా ప్రతి కంచంలోనూ ఒకే పక్కకు చేరింది. గుండ్రంగా ఉన్నదల్లా మా ఆవిడ వైపు బయల్దేరింది. కోడలు ఆ చివర పెట్టిన నిమ్మకాయ అందరి కంచాల మధ్యా దారి చేసుకుని దొర్లుకుంటూ వచ్చి, ఆవిడ ముందున్న సిరాబుడ్డి గుంటలో కూర్చుంది. దాన్ని తీసి చేత్తో పట్టుకుని కాసేపు చూసింది.

"నలభై నాలుగేళ్ళుగా అందరికీ నేనే అందిస్తూ వచ్చాను. ఇప్పుడు దానంతటదే నా దగ్గరికి వస్తోంది."

మా అమ్మాయి నవ్వింది. వియ్యంకుడు నవ్వలేదు, కంచంలోకి చూసుకున్నాడు. నేనూ కంచంలోకే చూసుకున్నాను. వాలును మరిపిద్దామని, నాకు చేతనైన పని మొదలుపెట్టాను.

"ఈ పలక మీద కూర్చునే నేను అయిదో తరగతిలో..." అని వియ్యంకుడికి చెప్పబోయాను.

"అయిదో తరగతికి బల్లలు లేవు. మీరు చాప మీద కూర్చునేవారు" అంది మా ఆవిడ అన్నం కలుపుతూ.

"సరే, చాప మీదే. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పంతొమ్మిదో ఎక్కం అడిగితే..."

"అడగలేదు."

బల్ల చుట్టూ ముద్దలు ఆగిపోయాయి.

"అడక్కపోతే నాకు పెన్సిలు ఎందుకిస్తాడే?"

"బురదలో దిగబడిన ఆయన సైకిలు కడిగిపెట్టినందుకు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారే చెప్పారు. ఎక్కం చెప్పినవాడు ఇంకెవరో, వాడికి పుస్తకం ఇచ్చారట."

మా మనవరాలు నా వైపు పెద్ద పెద్ద కళ్ళతో చూసింది. ఆ పెన్సిలు కథ దానికి కనీసం నలభైసార్లు చెప్పి ఉంటాను.

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పకుండా..." అన్నాను.

"చెప్పలేదని ఎవరన్నారు? మీరు ముందుగదిలో ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా నేను లోపల్నుంచి 'సైకిలు, సైకిలు' అంటూనే ఉన్నాను. అంతకుముందు వడ్డిస్తూ అనేదాన్ని. మీకు కూర మీద ధ్యాస."

ఓహో, గోడకు ఎదురుగా కూర్చుని ఆవిడ తనలో తను నవ్వుకున్న జవాబు ఇదన్నమాట! దీన్ని దగ్గరగా, స్పష్టంగా, వియ్యంకుడి ముందు వినడానికి నేను పన్నెండు రోజులు చెమటోడ్చి, ఒక చిత్రిక విరగ్గొట్టి, బల్ల చేసుకున్నాను. పొలమారింది. ఈసారి నీళ్ళ కోసం లేవనక్కర్లేదు. ఆవిడే గ్లాసు ఇటు తోసింది. ఎగువకు తోయాలి కదా, కాస్త గట్టిగానే తోసింది.

తిన్నాక మా అమ్మాయి సంచీ తీసి, "అమ్మా, ఏ చీరలు పెట్టమంటావు? ఆటో మూడింటికి వస్తుంది" అంది.

నేను చేతులు తుడుచుకుంటున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను.

 మా ఆవిడ బల్ల అంచు వెంబడి అరచేత్తో నిమురుతూ, మేకు తీసిన చోట వేలు ఆపింది.

"అక్కడ ఉన్న నా చీరలే ఇటు పంపు. వ్యాయామాలు నేర్చుకున్నానుగా, ఇక్కడ చేసుకుంటాను. ఈయన ఇంకా చాలా కథలు చెప్పాల్సి ఉంది. వింటూ పక్కన ఎవరో ఒకరు ఉండాలి."

మధ్యాహ్నం వియ్యంకుడు పొడుగు కాళ్ళు రెండూ కోశాడు. ఈసారి టేపుతో, మూడుసార్లు కొలిచి. నేను పలక పట్టుకున్నాను. నాలుగంగుళాల పైచిలుకు దిమ్మలు రెండు కింద పడ్డాయి. కుర్చీలో కూర్చుంటే మా ఆవిడ పాదాలు నేలకు అందవు. ఆ రెండు దిమ్మలూ ఇప్పుడు ఆవిడ కాళ్ళ కింద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు వియ్యంకుడు గుమ్మం దగ్గర ఆగి, "బావగారూ, భలే బల్ల చేశారండీ" అన్నాడు. నేను "మీ చలవే" అన్నాను. "ముందు మీరు" అనుకుంటూ కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాం. వెళ్ళాల్సింది ఆయనొక్కడే అని మా ఇద్దరికీ తట్టలేదు.

ఈ నాలుగు మాటలూ ఆ బల్ల మీదే రాస్తున్నాను. ఎదురుగా మా ఆవిడ కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"సైకిలు సంగతి రాశారా?" అని ఇప్పుడే అడిగింది.

"రాశాను."

"పదిహేడు?"

"అదీ రాశాను."

"గోళ్ళతో కలిపి అని?"